పుట్టుక కాగితం లేని బండి

మా వీధి చివర బేకరీలో ఒక్క బ్రెత్సెల్ కొన్నా రసీదు ఇస్తారు. బ్రెత్సెల్ అంటే ముడి వేసిన రొట్టె, పైన ఉప్పు రవ్వలు చల్లి ఉంటుంది. తినడానికి మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాల ఆయుష్షు గల వస్తువు ఏ కౌంటరులో అమ్ముడైంది, ఏ గంటకు, ఏ నిమిషానికి, పన్ను ఎంత శాతం, అన్నీ చీటీ మీద ఉంటాయి. వద్దంటే అక్కడి అమ్మాయి ఆ చీటీని నా కళ్లలోకి చూస్తూ చెత్తబుట్టలో వేస్తుంది. తప్పు నాదే అన్నట్టు ఉంటుంది ఆ చూపు. రొట్టె కంటే చీటీ పొడుగు. ఈ ఫిర్యాదు నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సినంత విషయం కూడా కాదు. కానీ ఇదే దేశంలో పన్నెండేళ్లు బతికిన ఒక మోటార్‌సైకిలుకు ఒక్క చీటీ ముక్క కూడా లేదని తెలిశాక, ఆ ఫిర్యాదుకు కొంచెం బరువు వచ్చింది.

మేముండేది జర్మనీలో, బ్యోబ్లింగెన్ అనే పట్నానికి కాస్త దూరంలో, బస్సు ఇరవై నిమిషాలకొకటి వచ్చే చిన్న ఊళ్లో. కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే ఆఫీసులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. బెల్టు పెట్టుకోకపోతే కారు టింగు టింగుమని మొత్తుకుంటుంది కదా, ఆ మొత్తుకోవడం ఎంతసేపు సాగాలో తేల్చే బృందంలో నేనొకణ్ణి. మానవాళికి నేను చేసిన సేవ ఇదే. చాలామంది ఆ సేవను బజారులో దొరికే ఒక చిన్న క్లిప్పుతో తప్పించుకుంటారు.

ఆఫీసు బయట మాత్రం నాకు వేరే హోదా ఉంది. చుట్టుపక్కల తెలుగువాళ్లకు నేను కాగితాల మనిషిని. ఇల్లు మారినా, బిడ్డ పుట్టినా, వీసా గడువు దగ్గరపడినా ముందు నాకే ఫోన్ వస్తుంది. మా ఇంట్లో ఒక గోడంతా ఫోల్డర్లే. వెన్ను మీద పేరు, సంవత్సరం, రంగు చీటీ. ఇంటికొచ్చిన వాళ్లు దేవుడి గది కంటే ముందు ఆ గోడ చూస్తారు. నేనే చూపిస్తాను.

ఎక్కువసార్లు ఫోన్ చేసేది మా ఆఫీసులోనే పని చేసే కరీంనగర్ మిత్రుడు. నా ఈడువాడే, అయినా కాగితాల దగ్గర నన్ను అన్నా అంటాడు. రాథౌస్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ ఆఫీసు, టెర్మిన్ అంటే ఏ ఆఫీసుకైనా ముందుగా తీసుకోవాల్సిన అపాయింట్‌మెంటు.

“అన్నా, రాథౌస్‌ల టెర్మిన్ దొరికింది గని, ఏదో ఫారం లేదని ఎల్లగొట్టిన్రు. ఇంటి ఓనర్ సంతకం గావాల్నంట.”

“ఆ ఫారం నీకు ఆర్నెల్ల కిందే పంపించాను.”

“పంపినవ్. నేను జూసిన గూడ.”

“మొదటి పేజీ చూశావు. వెనక వైపు చూడలేదు.”

“ఎన్కపొంటి గూడ ఉంటదా అన్నా?”

ఉంటుంది. ఈ దేశంలో అసలు సంగతంతా వెనక వైపే ఉంటుంది. ముందు వైపు పలకరింపు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు తిప్పి చూడమని, చూడనివాళ్లకు నాతో మాట్లాడే అర్హత లేదని ఒక పుట్టినరోజు విందులో నిలబడి మరీ చెప్పాను. ఆ రోజు కేకు కోయడం కొంచెం ఆలస్యమైంది.

ఇలాంటి మనిషి కాగితాల్లేని బండి ఎలా కొన్నాడని మీరు అడగొచ్చు. మా ఆవిడ అడిగింది. ఇప్పటికీ అడుగుతోంది.

అది ఆగస్టు చివర. రేగుపళ్ల లాంటి నీలం పళ్లు, ఇక్కడివాళ్లు వాటితో కేకులు చేస్తారు, మా ఆవిడ పచ్చడి చేస్తుంది. వాటి కోసం కొండల వైపు ఒక రైతు దగ్గరకు ఏటా వెళ్తాం. ఆవిడ బుట్ట పట్టుకుని తోటలోకి వెళ్లింది. నేను నీడ కోసం షెడ్డులోకి వెళ్లాను. అక్కడ ట్రాక్టరు వెనక, గోనెసంచుల కింద, ఒక డర్ట్ బైకు ఉంది. గతుకుల నేల మీద, గుట్టల మీద ఎగురుతూ పోవడానికి చేసిన సన్నటి ఎత్తయిన బండి. ట్యాంకుకు సొట్ట, సీటులో ఎలుకల కాపురం, చైను మీద తుప్పు. చాలా అందంగా ఉంది.

రైతుకు డెబ్బై దాటి ఉంటాయి, రబ్బరు బూట్లు. కొడుకు కోసం కొన్నాడట. కొడుకు సొంత పొలంలో, వెనకున్న కంకర గుంతలో తోలేవాడట.

“మరి ఇప్పుడు?”

“మోకాలు పోయింది. కరెంటు సైకిలు తొక్కుతున్నాడు,” అన్నాడు రైతు. ఇంట్లో ఎవరికో బాగాలేదని చెప్పే గొంతు అది.

నేను హైదరాబాదులో ఆరేళ్లు రోజూ మోటార్‌సైకిలు మీద ఆఫీసుకు వెళ్లినవాణ్ణి. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈ పదకొండేళ్లలో మేము కొన్న వస్తువులన్నీ అవసరమైనవే. వాషింగ్ మెషీను అవసరం, మంచు టైర్లు అవసరం, గోడకు ఫోల్డర్లు మరీ అవసరం. ఆ షెడ్డులో ఉన్న వస్తువుతో మాత్రం నాకు ఏ అవసరమూ లేదు. అదే నచ్చింది. తోట చుట్టూ మూడు రౌండ్లు కొట్టాను. మూడో రౌండులో బండి ఒక వైపు, నేను ఒక వైపు కాసేపు విశ్రాంతి తీసుకున్నాం. లేచేసరికి కొనాలని నిశ్చయమైపోయింది.

“కాగితాలు?” అన్నాను. ఎంతైనా అలవాటు.

“దేనికి? ఇది ఎప్పుడూ రోడ్డెక్కలేదు.”

“కొన్నప్పుడు కంపెనీవాళ్లు ఏదో ఇచ్చి ఉంటారు కదా.”

“ఇచ్చారు. సీటులో ఉన్నవాళ్లు తిన్నారు.”

వేరే ఎవరైనా నాకు ఫోన్ చేసి ఈ మాట చెబితే, బుట్ట తీసుకుని ఇంటికి రమ్మని చెప్పేవాణ్ణి. నేను మాత్రం ఒక తెల్ల కాగితం అడిగాను. ఈ బండి నాది, ఇతనికి అమ్మాను అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. అప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే ఒక పని చేసింది. మన దగ్గర ఆర్టీఓ ఆఫీసులో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు అప్లికేషన్‌కు అంటిస్తారు కదా. రైతు దగ్గర పెన్సిల్ అడిగి, హ్యాండిల్ కింద, హెడ్‌లైట్ ఉండాల్సిన చోటు వెనక, ఇనుములోకి కొట్టిన నంబరు మీద అదే కాగితం ఆనించి రుద్దాను. అంకెలు తెల్లగా తేలాయి.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు రైతు.

“మా దేశంలో ఇలా చేస్తాం.”

“ఎందుకు?”

ఇది మన దగ్గర ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. నేను ఇంకాస్త గట్టిగా రుద్దాను. రైతు జాలిపడి దాని కింద కూడా ఒక సంతకం, తేదీ వేశాడు.

బండిని ట్రాక్టరు వెనక ట్రైలరులో పెట్టి తనే మా గరాజు దాకా తెచ్చి దింపాడు. మా ఆవిడ చేతులు కట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగింది. ఆవిడది కాకినాడ. మెచ్చుకున్నా తిట్టినా స్వరం ఒకటే, మాటల్ని బట్టి తేల్చుకోవాలి.

“ఏవండీ, దీనికి నంబరు ప్లేటేదీ?”

“ఇంకా రాలేదు.”

“రాలేదంటే? పోస్టులో వత్తాదా?”

“రిజిస్టర్ చేయించాలి. చిన్న పని.”

“ఊళ్లో అందరి కాగితాలూ మీరు చూత్తారు. మరి మీయి ఎవరు చూత్తారండీ?”

ఇది వెటకారమనుకున్నాను. హెచ్చరిక అని తర్వాత తెలిసింది.

రెండు వారాలకు అపార్టుమెంటు నిర్వాహకుల నుంచి ఉత్తరం వచ్చింది. కింది గరాజు రిజిస్టరైన వాహనాలకు మాత్రమేనని, ఏప్రిల్ నెలాఖరులోగా నంబరు ప్లేటు కనపడకపోతే బండిని తీసేయాలని. మా గరాజులో ఒక పడవ ఉంది. మేము వచ్చినప్పటి నుంచి ఒక్క అంగుళం కదలలేదు. చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో దాన్ని దింపేంత నీళ్లు కూడా లేవు. కానీ అది కూర్చున్న ట్రైలరుకు నంబరుంది, కాబట్టి అది వాహనం. నా బండి సామాను.

మా ఆవిడ ఉత్తరం చదివింది, తిప్పి వెనక కూడా చదివింది. తర్వాత తన తీర్పు చెప్పింది.

“సరేనండీ. ఏప్రిల్ ఆఖరు. ఈలోపు మీరు దాని మీద కూచుని, నడుపుకుంటా ఇంటికొత్తే ఉంచుకోండి. నేనేం అనను. లేదంటే ఆ రైతుకి ఫోన్ చేత్తాను, ట్రాక్టరేసుకొచ్చి పట్టుకుపోతాడు.”

రైతు నంబరు ఆవిడ దగ్గరే ఉంటుంది. పళ్ల కోసం.

అంటే విషయం చాలా సులభం. ఏడున్నర నెలలు. ఒక బండి. ఒక ప్లేటు. ఊరందరికీ చేసిపెట్టే పని నాకు నేను చేసుకోవాలి, అంతే. నా మీద నాకు జాలి కూడా కలగలేదు.

బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా టెర్మిన్ నాలుగో కౌంటరులో. అక్కడి ఉద్యోగిని యాభై ఏళ్ల మనిషి, టేబుల్ మీద వేలెడంత కాక్టస్. ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతుంది. మధ్యలో మాట్లాడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇది ఆమె లోపమని అప్పట్లో అనుకున్నాను.

“పాత రిజిస్ట్రేషన్ పత్రం?”

“లేదు.”

“పోయిందా?”

“పుట్టలేదు.”

ఆమె కంప్యూటరులోకి చూసింది. “పోతే ఒక ఫారం ఉంది,” అంది, అదేదో నేను పోగొట్టుకుని రావాల్సింది అన్నట్టు. తర్వాత తేల్చింది. “ఎప్పుడూ రిజిస్టర్ కాలేదు. అంటే ఇది కొత్త బండి.”

నేను ఫోన్‌లో ఫోటో చూపించాను. సొట్ట, తుప్పు, ఎలుకల గూడు.

“ఇది కొత్తదా?”

“మా లెక్కలో కొత్తదే. కొత్త బండి కాబట్టి ఇవాళ్టి పొగ నిబంధనలకు లోబడాలి.”

పన్నెండేళ్ల కింద తయారైన బండి, ఇవాళ పుట్టింది కాబట్టి, ఇవాళ్టి బండ్లతో సమానంగా ఊపిరి పీల్చాలి, సమానంగా వదలాలి. లేదా పై ఆఫీసు నుంచి మినహాయింపు తేవాలి. అది కాక తయారు చేసిన కంపెనీ ఇచ్చే పత్రం తాలూకు నకలు. తనిఖీ ఇంజనీరు నివేదిక. ఇంకా, ఈ బండి కోసం ఎవరూ వెతకడం లేదని కేంద్ర కార్యాలయం ఇచ్చే ధ్రువీకరణ. ఇవన్నీ ఆమె ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. నేను వెంటనే తిప్పి చూశాను. వెనక ఇంకో రెండున్నాయి.

లేస్తూ లేస్తూ పెన్సిల్ అచ్చు కూడా తీసి పెట్టాను. ఆమె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

“మీ పిల్లలు వేశారా?”

నేను దాన్ని మళ్లీ ఫోల్డరులో పెట్టుకున్నాను. మాకు పిల్లలు లేరు, కానీ ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అప్పుడది కూడా నిరూపించాల్సి వచ్చేది.

ఈ వార్త కరీంనగర్ మిత్రుడికి ఎలా చేరిందో తెలియదు. క్యాంటీన్‌లో ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“అన్నా, గదేం పెద్ద కతనే. మా దిక్కైతె ఆర్టీఓ ఆఫీస్ ముంగట టేబులేసుకొని కూసుంటడు ఒగాయన. పొద్దుగాల ఆయన చేతుల వెడితే పొద్దుమూకేసరికి అయిపోతది.”

“ఇక్కడ ఆఫీసు ముందు ఎవరూ కూర్చోరు.”

“మరి గంత పెద్ద పార్కింగ్ జాగ దేనికి పెట్టిన్రు?” అన్నాడు. కాసేపాగి, “ఎన్కపొంటి జూసినవా అన్నా?” అని కూడా అన్నాడు. నేను గిన్నెలోని టమాటా సూపు తాగడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత నేను చేసిన పనులు చెబితే మీకు విసుగు, నాకు అవమానం. కంపెనీకి ఏడు మెయిళ్లు రాశాను. ఆరింటికి ఒకే జవాబు వచ్చింది, మీ మెయిలు మాకు చాలా ముఖ్యం అని. ఏడో దానికి నకలు వచ్చింది. ఎవరూ వెతకడం లేదన్న ధ్రువీకరణ మాత్రం త్వరగా వచ్చింది. ఫలానా నంబరు గల దాని కోసం ఎవరూ వెతకడం లేదని ముద్ర వేసి ఉంది. నలభై మూడేళ్ల వయసులో అలాంటి వాక్యం చదివితే మనిషి కిటికీ దగ్గరకు వెళ్లి కాసేపు నిలబడతాడు.

ఈలోగా దసరా వచ్చింది. మా ఆవిడ ఆయుధ పూజకు ఏదీ వదలదు. కారు, మిక్సీ, తన ల్యాప్‌టాప్, వాక్యూమ్ క్లీనరు, అన్నిటికీ బొట్టు పడుతుంది. పళ్లెం పట్టుకుని గరాజులోకి దిగి, కారు అయ్యాక బండి వైపు నడిచింది.

“దీనికి కూడానా? నీకిది ఇష్టం లేదు కదా.”

“ఇష్టం ఏరు, పండగ ఏరు. చక్రాలున్నాయి కదండీ.”

పసుపు, గంధం కలిపిన ముద్ద తీసుకుని, హ్యాండిల్ కింద నుదురు లాంటి చోటు చూసుకుని దట్టంగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టింది. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. దేవుడి లెక్కలో బండికి నుదురు ఎక్కడుంటుందో, కంపెనీ లెక్కలో నంబరు కూడా అక్కడే ఉంటుంది. ఇది నేను నవంబరులో గమనించాను, తనిఖీకి ముందు రోజు. పసుపు ముద్ద అంకెల గాట్లలో ఎండి సిమెంటులా పట్టుకుంది. నంబరు కనపడటం లేదు.

ఇంజనీరు ముందు చూసేది నంబరే కదా అనుకున్నాను. అది మెరవాలి అనుకున్నాను. ఇంట్లో ఇత్తడి దీపాలు తోమే పద్ధతే తెలుసు నాకు. చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, స్టీలు పీచుతో అరగంట రుద్దాను. పసుపు పోయింది. దాంతో పాటు పన్నెండేళ్ల మురికి, తుప్పు, కాస్త రంగు కూడా పోయాయి. బండి మొత్తం కాలువలోంచి తీసినట్టుంది, ఆ అరచేతి మేర మాత్రం కార్తీక దీపంలా వెలుగుతోంది. నాకు గర్వంగా అనిపించింది. ఫోటో కూడా తీసుకున్నాను.

తనిఖీ కేంద్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కనే, రెండింటికీ పార్కింగు ఒకటే. ఇంజనీరు రిటైరయ్యే వయసు మనిషి, కళ్లద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. టార్చి వేసి తిన్నగా నంబరు దగ్గరకే వెళ్లాడు. నేను ఊహించినట్టే. తర్వాత చాలాసేపు కదలలేదు. అది నేను ఊహించలేదు.

“ఇక్కడ ఎవరు రుద్దారు?”

“నేనే.”

“ఎందుకు?”

“మీ కోసం.”

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. “నంబరు మార్చేవాళ్లు సరిగ్గా ఇంతమేరే రుద్దుతారు. ఇంత శుభ్రమైన నంబర్లు నేను దొంగబండ్ల మీదే చూశాను.”

నేను వివరించాను. పండగ అన్నాను. పసుపు అన్నాను. దేవత అన్నాను.

“ఏం పండగ?”

“ఆయుధాలను పూజించే పండగ,” అన్నాను. నోట్లోంచి మాట బయటపడ్డాక కానీ అది ఎలా వినపడుతుందో నాకు తెలియలేదు. ఆయన టార్చి ఆర్పి, వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇలాంటివాటిని పోలీసులకు తెలియజేయడం తన బాధ్యత అన్నాడు. కోపంగా కాదు, బ్రేకు లైటు పని చేయడం లేదని చెప్పినంత మామూలుగా. రైతు ట్రాక్టరు చప్పుడు నా చెవుల్లో వినపడింది.

అప్పుడు ఫోల్డరు తెరిచి పెన్సిల్ అచ్చు తీశాను. పరువు అప్పటికే పోయింది కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు. పండగకు నెలన్నర ముందు తేదీ, కింద రైతు సంతకం. ఇంజనీరు దాన్ని వెలుతురులోకి పట్టుకున్నాడు. లోపలికి వెళ్లి భూతద్దం తెచ్చాడు. ఒక్కొక్క అంకెనూ ఇనుము మీద, కాగితం మీద మార్చి మార్చి చూశాడు. నాలుగు అంకె కాలు కాస్త వంకర. ఏడు తల మీద చిన్న గాటు. రెండూ రెండు చోట్లా ఉన్నాయి.

“ఇది మీకు ఎవరు నేర్పారు?”

“మా దేశంలో ఆఫీసుల్లో అడుగుతారు.”

“మంచి పద్ధతి,” అన్నాడు.

ఇక్కడికి వచ్చాక మన ప్రభుత్వ కార్యాలయాల పద్ధతిని ఒక జర్మన్ మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెచ్చుకోలు వినాల్సినవాళ్లు ఎవరూ అక్కడ లేరు. ఆయన అచ్చుకు నకలు తీసి తన నివేదికకు జత చేశాడు. తర్వాత లోపాల జాబితా ఇచ్చాడు. అద్దాలు లేవు, హారన్ లేదు, వేగం చూపే ముల్లు లేదు, చప్పుడు ఎక్కువ, నంబరు ప్లేటు బిగించడానికి చోటే లేదు. క్లుప్తంగా చెప్పాలంటే, నచ్చినవన్నీ తీసేసి, నచ్చనివన్నీ తగిలించుకుని రమ్మన్నాడు.

చలికాలమంతా గరాజులో పడవ పక్కన కూర్చుని తగిలించాను. హెడ్‌లైటు పెట్టాను, హారను పెట్టాను, చెవుల్లాంటి రెండు అద్దాలు పెట్టాను. సైలెన్సరు మార్చాక బండి దగ్గు మానేసి గొణగడం మొదలుపెట్టింది. ఫిబ్రవరికి అది నా మొదటి కారులా తయారైంది, తలుపులు లేవు అంతే. మా ఆవిడ కొన్నిసార్లు టీ తెచ్చేది. బండిని చూసేది కాదు, కానీ టీ రెండు కప్పులు తెచ్చేది, తన కప్పు అక్కడే నిలబడి తాగేది. ఒకసారి మాత్రం అంది, “హారన్ కొట్టండి, చూద్దాం.” కొట్టాను. “మేకలా ఉంది,” అని కప్పులు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ కొట్టమంది.

మార్చి చివర పై ఆఫీసు నుంచి మినహాయింపు వచ్చింది. ఏప్రిల్ మూడో వారంలో ఇంజనీరు రెండోసారి చూసి, ఈసారి నంబరు దగ్గర ఎక్కువసేపు ఆగకుండా, సంతకం పెట్టాడు. ఇన్సూరెన్సు నంబరు కూడా వచ్చింది. ఫోల్డరు మూత పడటం మానేసింది.

చివరి టెర్మిన్ ఏప్రిల్ ఇరవై ఎనిమిది, పొద్దున పదిన్నరకు. మా ఆవిడ సెలవు పెట్టింది. అద్దె ట్రైలరు కారుకు తగిలించి, బండిని దాని మీద కట్టి, తనే నడిపి ఆఫీసు పార్కింగుకు తెచ్చింది. ఇద్దరం కలిసి దింపాం. ట్రైలరు తిరిగి ఇచ్చి ఇంటికి వస్తానంటూ కారెక్కబోతూ ఆగి, హ్యాండ్‌బ్యాగులోంచి నిమ్మకాయ తీసి, బండి ముందు చక్రానికి ఆనించి పెట్టింది.

“తొక్కించుకుంటా రండి. నాకంటే ముందు మీరొచ్చేత్తే గేటు తీసుంచండి.”

అంటే ఆవిడ కూడా ఎదురుచూస్తోందన్నమాట. ఆ మాట నేను పైకి అనలేదు, అంటే నిమ్మకాయ తీసేసుకుంటుంది. ఇల్లు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. దారిలో ఒక చిన్న మెట్ట ఉంది. ఆ మెట్ట ఏ గేరులో ఎక్కాలో నేను సెప్టెంబరు నుంచి ఆలోచిస్తున్నాను.

నాలుగో కౌంటరు. అదే కాక్టస్, ఒక ముల్లు పెరిగి ఉండొచ్చు. ఆమె ఫోల్డరంతా మొదటి అక్షరం నుంచి చదివింది. పెన్సిల్ అచ్చు నకలు దగ్గర ఆగి, కింద ఇంజనీరు ముద్ర చూసి, ఏమీ అనకుండా పేజీ తిప్పింది. నాకు ఆ నిశ్శబ్దం క్షమాపణలా వినపడింది. ప్లేటు మీద ముద్ర అతికించి నా వైపు తోసింది.

“కొత్త బండికి శుభాకాంక్షలు,” అంది. నవ్వలేదు.

పార్కింగులో మోకాళ్ల మీద కూర్చుని ప్లేటు బిగించాను. కరీంనగర్ మిత్రుడికి ఫోటో పంపాను. “అన్నా, నువ్వు దేవునివే,” అని వచ్చింది. కాదనలేదు. హెల్మెట్ పెట్టుకుంటుంటే తనిఖీ కేంద్రం తలుపు తీసుకుని ఇంజనీరు సిగరెట్టుకు బయటికొచ్చాడు. బండి చుట్టూ ఒకసారి నడిచాడు. అది ఆయన జబ్బు అనుకుంటాను.

“ఇంటికి దీని మీదేనా?”

“అవును. నాలుగు కిలోమీటర్లు.”

“ఎన్నేళ్లుగా నడుపుతున్నారు?”

“మా దేశంలో ఆరేళ్లు నడిపాను. ఇక్కడ లైసెన్సు తీసుకుని పదేళ్లయింది,” అన్నాను. అడగకపోయినా పర్సులోంచి కార్డు తీసి ఇచ్చాను. కాగితాలు పక్కాగా ఉన్న మనిషికి చూపించాలనే ఉంటుంది.

ఆయన ముందు వైపు చూశాడు. పదేళ్ల కిందటి నా ఫోటో, అప్పుడు జుట్టుండేది. తర్వాత కార్డు వెనక్కి తిప్పాడు.

వెనక వైపు వరసగా చిన్న చిన్న బొమ్మలున్నాయి. రకరకాల వాహనాలు, ఒక్కోదాని పక్కన తేదీ వేసే గడి. తేదీ ఉంటేనే ఆ వాహనం నడిపే అనుమతి ఉన్నట్టు. కారు బొమ్మ పక్కన తేదీ ఉంది. మోపెడ్ బొమ్మ పక్కన కూడా ఉంది, అది కారుతో పాటు ఉచితంగా వస్తుంది. మోటార్‌సైకిలు బొమ్మల పక్కన తేదీ లేదు. వరసగా చుక్కగుర్తులున్నాయి.

హైదరాబాదులో నేను ఒకే పొద్దున ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి, తర్వాత కారు వెనక్కి నడిపి, రెండూ ఉన్న ఒకే కార్డు తెచ్చుకున్నాను. మన దగ్గర లైసెన్సు అంటే లైసెన్సు. ఇక్కడికి వచ్చాక మళ్లీ కారు పరీక్ష రాశాను, కారు నడిపి చూపించాను, కార్డు వచ్చింది. ఫోటో పైకి కనపడేలా పర్సులో పెట్టుకున్నాను. పదేళ్లు అలాగే ఉంది.

“ఇది కారుది,” అన్నాడు ఇంజనీరు. కార్డు రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. బండి వైపు ఒకసారి, నా హెల్మెట్ వైపు ఒకసారి చూశాడు. సిగరెట్టు సగంలోనే ఆర్పి లోపలికి వెళ్లిపోయాడు. మంచివాడు.

నేను బండి పక్కన నిలబడ్డాను. ప్లేటు మీద ముద్ర తళతళలాడుతోంది. అది దొంగబండి కాదని, దాని కోసం ఎవరూ వెతకడం లేదని, అది కొత్తదని, దాని ఊపిరికి మినహాయింపు ఉందని నిరూపించే కాగితాలన్నీ నా చేతిలో ఉన్నాయి. ఆ పార్కింగులో కాగితాలు సరిగా లేనిది నాకొక్కడికే.

కాసేపటికి, ట్రైలరు ఇచ్చేసి ఇంటికి వెళ్లే దారిలో, మా కారు ఇటు తిరిగి వచ్చి పక్కన ఆగింది. మా ఆవిడ అద్దం దించి, ముందు చక్రం దగ్గర నలగని నిమ్మకాయను చూసింది.

“ఏవండీ, స్టార్ట్ అవట్లేదా?”

“అవుతుంది.”

“మరి?”

కార్డు ఇచ్చాను. ఆవిడ ఫోటో వైపు చూడనే లేదు, చేతిలోకి తీసుకోగానే తిప్పింది. బొమ్మలన్నీ పై నుంచి కింద దాకా చదివింది. చదివి కార్డు డాష్‌బోర్డు మీద పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

“సరే, తోసుకుంటా రండి. రైతుకి నేను చెప్తాను.”